గువ్వలేటి దొర

గువ్వలేరు అని ఒక నది ఉండేది. ఆ మాటకొస్తే ఇప్పటికీ ఉంది, నీళ్లు ఒక్కటే లేవు. మిగతా సరంజామా అంతా ఎక్కడిదక్కడే ఉంది. ఏడు కన్నుల వంతెన నిలబడే ఉంది, మధ్యాహ్నం పూట దాని నీడలో మేకలు నెమరేస్తాయి. ఒడ్డునున్న ఊరి పేరు రేవుపల్లె. రేవు ఎక్కడని అడిగితే అక్కడి పిల్లలు బస్సు ఆగే చోటు చూపిస్తారు. చేపలు పట్టేవాళ్ల పుట్టి ఒకటి ఎవరి పెరట్లోనో బోర్లించి ఉంది, దాని కింద కోళ్లు పొదుగుతాయి. ఇక నడి ఏట్లో ఒక ఇనుప బోర్డు. "ఇచ్చట లోతు ఎక్కువ. ఈతకు దిగరాదు" అని ఎప్పుడో సర్కారువాళ్లు రాయించి పాతారు. ఇప్పుడు దానికి అడవిపంది తిమ్మప్ప రోజూ వీపు రుద్దుకుంటాడు.

ఆ ఇసుకలోనే గాడిద ఓబులమ్మ కాపురం. మూడు తరాలుగా గువ్వలేటి చాకిరేవుకు బట్టల మూటలు మోసిన వంశం ఆమెది. ఏరు ఎండిపోయాక యజమాని వెంకటరాముడు కొన్నాళ్లు బోరింగు దగ్గర బట్టలు ఉతికాడు. ఆ తర్వాత టౌనుకు వెళ్లి ఇస్త్రీ బండి పెట్టుకున్నాడు. వెళ్లే ముందు ఓబులమ్మ మెడ నిమిరి, ముందుకాళ్ల తాడు విప్పి, "ఇంక నీ ఇష్టం తల్లీ" అన్నాడు. ఆమె ఇష్టమేమిటో అంతవరకూ ఎవరూ అడిగిన పాపాన పోలేదు. సమాధానం తోచక, అలవాటు కొద్దీ ఏటికే వచ్చేసింది.

వచ్చి ఏం చేసేదంటే, పొద్దున్నే చాకిబండ దాకా నడిచేది. బట్టలు ఉతికి ఆరేసేంత సేపు అక్కడే నిలబడేది. మళ్లీ వెనక్కి వచ్చేది. వీపు మీద మూట లేదు, బండ మీద బట్ట లేదు, ఏట్లో నీళ్లు లేవు. అయినా ఆ బండ దాటి ఒక్క అడుగు ముందుకు వేసేది కాదు. అక్కడ కంచె కట్టినట్టు టక్కున ఆగిపోయేది. ఇది చూసి తక్కిన జంతువులు కడుపుబ్బ నవ్వుకునేవి.

నవ్వితే నవ్వారు గానీ, ఎండాకాలం వస్తే అందరికీ ఓబులమ్మే దిక్కు. పొడి ఇసుకను కాళ్లతో తన్ని చెలమ తవ్వడంలో ఆమెను మించినవాళ్లు లేరు. మోకాలి లోతు తవ్వితే తడి, ఇంకో మోకాలు తవ్వితే నీళ్లు. గువ్వలేట్లో చెలమకు ఒక కట్టుబాటు ఉంది. తవ్వినవాళ్లు ఆఖరున తాగాలి. ముందు పిట్టలు, తర్వాత చిన్న జీవాలు, తర్వాత పెద్దవి, చివరికి తవ్వినవాళ్లు. ముందే తాగేస్తే దాహం తీరి తవ్వడం మానేస్తారని పెద్దలు పెట్టిన నియమం. పాపం ఓబులమ్మకు ప్రతిరోజూ అడుగున మిగిలిన బురదనీళ్లే దక్కేవి. ఆమె దానికి ఎన్నడూ మూతి ముడుచుకోలేదు.

ఆ ఏడు రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ కాసింది. నాలుగు మైళ్ల పొడుగునా మిగిలింది ఓబులమ్మ చెలమ ఒక్కటే. సరిగ్గా అప్పుడే గుంటనక్క పుల్లన్నకు చరిత్ర మీద మోజు పుట్టింది.

పుల్లన్న చాకిబండకు అవతల, లారీలు ఇసుక తోడుకుపోగా మిగిలిన పల్లంలో, గట్టు మొదట్లో బొరియ చేసుకుని ఉండేవాడు. వేటకు ఒళ్లు వంగదు, నోరు మాత్రం ఊరుకోదు. అలాంటివాడు ఒకరోజు సాయంత్రం చెలమ దగ్గరికి వచ్చి, గట్టు మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"ఆ కాలంలో," అని మొదలుపెట్టాడు, "గువ్వలేరు కొండల్లోనుంచి దిగివచ్చి, మా తాతగారి గడప ముందర ఆగేది."

కౌజుపిట్ట సుంకులమ్మ నీళ్లు తాగుతున్నదల్లా తలెత్తింది. "ఆగి ఏం చేసేది అన్నా?"

"'దొరా, ఈరోజు ఎడంపక్క పోనా, కుడిపక్క పోనా' అని అడిగేది."

"అమ్మో! ఏరు మాట్లాడేదా?"

"అందరితో కాదు. మా తాతతో మాత్రమే."

అక్కడున్న ఎవరికీ ఏరు పారడం తెలియదు. వాళ్లందరూ పుట్టింది ఇసుకలోనే. అందుకని నోళ్లు తెరుచుకుని విన్నారు. మరునాడు పుల్లన్న తాతకు ఒక పడవ వచ్చింది. ఆ మరునాడు పడవకు వెండి తెడ్లు వచ్చాయి. నాలుగోనాటికి ఆ తాత తుమ్మితే వరద, ఆవలిస్తే కరువు అన్నంత దాకా పోయింది వ్యవహారం.

"ఇదంతా నిజమేనా అప్పా?" అని తిమ్మప్ప తల గోక్కున్నాడు.

"నిజం కాకుంటే సర్కారోళ్లు పట్టా రాసి పాతుతారా?" అంటూ పుల్లన్న ఇనుప బోర్డు వైపు కాలు చూపించాడు. "అదేమనుకుంటాండావు? 'ఈ ఏరు పుల్లన్న వంశంవారిది. ఇతరులు దిగరాదు.' అట్ల రాసుండాది."

"అయ్యో నా తల్లో!" తిమ్మప్ప రెండు కాళ్లతో చెంపలు వాయించుకున్నాడు. "దొరవారి పట్టాకా నేను ఇన్నాళ్లూ వీపు రుద్దుకునింది!"

అలా పుల్లన్న ఒక్క వారంలో దొర అయ్యాడు. దొర అయ్యాక ఊరుకుంటాడా? ఎనిమిదోనాడు చెలమ గట్టెక్కి పన్ను ప్రకటించాడు.

"ఏరు నాది. ఏట్లో చెలమ నాది. ఊరకే తాగేదానికి ఇది మీ మామగారి ఇల్లు గాదు. తిమ్మప్ప రోజూ నాలుగు గడ్డలు తవ్వి తేవల్ల. సుంకులమ్మ రోజుకొక గుడ్డు."

సుంకులమ్మ రెక్కలు టపటపా కొట్టుకుంటూ గట్టు దగ్గరికి దూకింది. ఆమె గూట్లో పదకొండు గుడ్లున్నాయి, రేపో మాపో పిల్లలయ్యేవి. "గుడ్డా? నా గుడ్డా? అన్నా, వేరే ఏదన్నా అడుగు. గింజలు తెస్తా, పురుగులు తెస్తా."

"నక్కలు పురుగులు తింటాయామ్మా? గుడ్డు ఇష్టం లేకపోతే నీళ్లు మానుకో. నేనేం బలవంతం చేయలేదే!"

ఇంతసేపూ చివర నిలబడి తన వంతు కోసం చూస్తున్న ఓబులమ్మ ముందుకొచ్చింది. "ఏం పుల్లన్నా, చెలమ తవ్వింది నేను గదా?"

"ఎవరు కాదన్నారు? తవ్వినావు. తవ్వి, ఆఖరున తాగుతాండావు. ఆఖరున తాగేది పనిమనిషి. ముందు తాగేది యజమాని. ఈ మాత్రం తెలీదా? నీకు పన్ను లేదులే, చాకిరీ చాలు."

ఏళ్ల తరబడి మర్యాదగా పాటించిన కట్టుబాటును వాడు అలా తిప్పి మొహాన కొడితే ఓబులమ్మకు ఒళ్లు మండిపోయింది. "మీ తాత కతలు నేను నమ్మను" అంది.

పుల్లన్న పకపకా నవ్వాడు. "బండ దాటలేని దానివి, నీకేం తెలుసు ఏటి సంగతి? నీళ్లు లేని ఏటికి కూడా భయపడే గాడిదవి!"

అందరూ నవ్వారు. గుడ్డు పోతుందని ఏడుస్తున్న సుంకులమ్మ కూడా ఫక్కున నవ్వేసింది. ఓబులమ్మకు నక్క మాటకంటే ఆ నవ్వే ఎక్కువ గుచ్చుకుంది. అయినా బింకంగా, "రేపు పొద్దున ఈరన్న తాత దగ్గర పంచాయితీ పెడతా" అని చెప్పి వచ్చేసింది.

ఈరన్న అంటే ముసలి ఎద్దు. ఏటిగట్టు మీద పెద్దమనిషి. ఏ తగవుకైనా నెమరు పూర్తయితే గానీ తీర్పు చెప్పడు, కాబట్టి తొందరపడి తప్పు తీర్పు చెప్పిన దాఖలా లేదు.

తెల్లవారేసరికి ఇంకో పిడుగు పడింది. చెలమ ఎండిపోయింది. ఓబులమ్మ తెల్లవారుజాము నుంచి కాళ్లు నొప్పి పుట్టేలా తన్నినా, అడుగున రాయి తగిలిందే గానీ తడి తగల్లేదు. అందరూ చుట్టూ చేరి బిక్కమొహాలు వేశారు. పుల్లన్న మాత్రం తోక ఊపుకుంటూ తీరిగ్గా వచ్చాడు.

"చూసినారా? మా తాతను నమ్మనని ఈమె ఒక్కమాట అనింది. ఆయనకు కోపమొచ్చి నీళ్లు లాగేసుకున్నాడు. ఇప్పుడు ఆయనను శాంతింపజేయల్ల. సుంకులమ్మా, ఒక గుడ్డు చాలదు. రెండు కావల్ల."

"ఇస్తానన్నా, ఇస్తా. నీళ్లు రానీ" అంది సుంకులమ్మ ఏడుస్తూ. పొదుగు మీదున్న తల్లికి నీళ్లు లేక గూటి మీదే ప్రాణం పోతే పదకొండు గుడ్లూ పోతాయి. రెండిచ్చి తొమ్మిదైనా దక్కించుకుందామని ఆమె ఆశ.

ఓబులమ్మ తల దించుకుంది. తల దించుకోవడం వల్లనే నక్క తోక ఆమె కళ్లబడింది.

తోక చివర నల్లటి మరక ఉంది. అదీ పచ్చి మరక.

మరకల విషయంలో ఓబులమ్మను మోసగించడం ఎవరి తరమూ కాదు. పుట్టిన దగ్గర్నుంచి మాసిన బట్టల మధ్యే బతికింది. ఎర్రమట్టి మరక, తాంబూలం మరక, బండి కందెన మరక, అన్నీ వాసన చూసి చెప్పగలదు. ఇది వాటిలో దేనికీ చెందదు. నల్లగా, జిగటగా, కాస్త చేప వాసనతో ఉంది. ఏరు ఎండిన కొత్తల్లో, అంటే ఓబులమ్మ పిల్లగా ఉన్నప్పుడు, వెంకటరాముడు ఒకే ఒక్క మరకను తిట్టేవాడు. చేపలు పట్టేవాళ్ల పాత పంచెల మీది మరక. "ఇది మడుగు బురదమ్మా, చౌడు పెట్టి ఉడకేసినా వదలదు" అని.

నాలుగు మైళ్ల పొడుగునా చుక్క నీళ్లు లేని చోట ఈ నక్కకు పచ్చి మడుగు బురద ఎక్కడ దొరికింది?

అప్పుడు ఓబులమ్మకు తల్లి గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఒకసారి ఆడుకుంటూ చాకిబండ దాటబోతే తల్లి వచ్చి చెవి కొరికింది. రక్తం వచ్చేలా కొరికింది. అప్పటికే ఏరు ఎండి ఏడాది. "నీళ్లే లేవు గదమ్మా" అని పిల్ల ఏడిస్తే, "మా అమ్మ దాటొద్దనింది. బండ అవతల మడుగు" అని తల్లి చెప్పింది. అంతే, మళ్లీ ఆ మాట ఎవరూ ఎత్తలేదు. భయం మిగిలింది, అందులోని కబురు మాత్రం మరుగున పడిపోయింది. బండ అవతల మడుగు. బండ అవతలే నక్క బొరియ.

ఓబులమ్మకు నవ్వొచ్చింది. గాడిద నవ్వితే తెలుసుగా, ఏడు కన్నుల వంతెన కింద ఏడుసార్లు మోగింది. అందరూ ఉలిక్కిపడ్డారు. ఎండకు మతి పోయిందేమోనని తిమ్మప్ప రెండడుగులు వెనక్కి వేశాడు.

ఈరన్న వంతెన మూడో కన్ను నీడలో పడుకుని ఉన్నాడు. అందరూ వచ్చి కూర్చున్నాక, "చెప్పండి" అన్నాడు.

పుల్లన్న మళ్లీ తాత దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు. వెండి తెడ్లకు ఈసారి ముత్యాలు కూడా అతికించాడు. ఓబులమ్మ ఎక్కడా అడ్డం రాలేదు. పైగా కథ అయ్యాక చేతులు కట్టుకున్నంత వినయంగా అడిగింది.

"దొరా, నాదొక చిన్న సందేహం. మీ తాత యాడుండేవాడు?"

ఈమె దారికొచ్చిందనుకున్నాడు పుల్లన్న. "యాడేంది? నేనుండే ఇంట్లోనే. ఏడు తరాలుగా అదే ఇల్లు. గుమ్మం గూడా మార్చలేదు."

"ఏరు ఎండినాక కట్టుకున్న ఇల్లేమో అని కొందరు అంటాండారు."

"ఎవరా కొందరు? నాలుక కోస్తా! ఏరు నిండా పారేటప్పుడే మా తాత ఆ ఇంట్లో కాపురమున్నాడు."

"నిండా పారేటప్పుడే?"

"గట్టుకు గట్టు తగిలి పారేటప్పుడే!"

"ఎండాకాలం కాకుండా, వానాకాలం కూడానా దొరా? యాడికైనా చుట్టాల ఇంటికి పోయేవాడేమో."

"ఒక్క పూట కదల్లేదు. దొర ఇల్లు వదిలితే ఏరు దారి తప్పదా?"

"ఇసుక మీద కాలు పెట్టి ఒట్టేస్తావా?"

పుల్లన్న నాలుగు కాళ్లూ పెట్టి ఒట్టేశాడు. ఈరన్న నెమరు ఆపి, ఒకసారి ఓబులమ్మ వైపు చూసి, మళ్లీ నమలడం మొదలుపెట్టాడు.

"తాతా," అంది ఓబులమ్మ, "అంత గొప్ప ఇల్లు మనమెవరం చూడనే లేదు. ఒకసారి పోయి దండం పెట్టుకుని వద్దామా?"

దండం అనేసరికి పుల్లన్న ఉబ్బిపోయి, తానే ముందు నడిచాడు. అందరూ వెనక నడిచారు. చాకిబండ దగ్గరికి రాగానే ఓబులమ్మ కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి.

"చూడండి, ఆగింది! నీళ్లకు భయపడి ఆగింది!" పుల్లన్న పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అవును, నీళ్లకే" అంది ఓబులమ్మ. "మా అవ్వ ఇక్కడే ఆగేది. మా అమ్మ ఇక్కడే ఆగేది. ఎందుకు? ఇక్కడి నుంచి లోతు. తాతా, ఆ గట్టు మీది బండ చూడు. ఆ తెల్లటి చార ఏంది?"

ఈరన్న మెల్లగా పల్లంలోకి దిగాడు. నక్క బొరియ పక్కనే రెండు నిలువులకు మించిన నల్లబండ ఉంది. దాని మీద గీత గీసినట్టు పొడుగునా తెల్లటి చార. చార కింద రాయి నున్నగా, పైన గరుకుగా ఉంది. ఈరన్న మెడ సాచినా కొమ్ముల కొన ఆ చారకు అందలేదు.

"నీళ్లు నిలిచిన గుర్తు ఇది" అన్నాడు.

"సుంకులమ్మా, నువ్వు ఆ గుమ్మం ముందర కాస్త గీకి చూడమ్మా" అంది ఓబులమ్మ.

సుంకులమ్మ కాళ్లతో గబగబా గీకింది. అరచేయంత ఆల్చిప్పలు బయటపడ్డాయి. ఒకటా రెండా, గుమ్మం పొడుగునా పరుచుకుని ఉన్నాయి. ఒక చేప ముల్లు కూడా దొరికింది.

"ఇంత లావు ఆల్చిప్పలు ఎండాకాలం కూడా ఎండని మడుగులో తప్ప పెరగవు" అని ఈరన్న తీరిగ్గా పుల్లన్న వైపు తిరిగాడు. "నాయనా పుల్లన్నా, నిండు ఏట్లో ఈ ఇంటి పైన రెండు ఎద్దుల ఎత్తు నీళ్లుండేవి. ఏడాది పొడుగునా ఉండేవి. మీ తాత ఒక్క పూట కూడా ఇల్లు కదల్లేదని ఒట్టేసినావు. ఇప్పుడు చెప్పు. మీ తాత నక్కా, చేపా?"

తిమ్మప్పకు విషయం అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక మాత్రం ఇసుకలో పడి దొర్లాడు. "చేప! దొరవారి తాత చేప!"

"అంటే… అది… మా తాతకు ఈత బాగా వచ్చు," అన్నాడు పుల్లన్న.

"నిద్దట్లో కూడానా?" అన్నాడు ఈరన్న.

"ఊపిరి బిగపట్టేవాడు…"

"ఏడు తరాలా?"

పుల్లన్న అటూ ఇటూ చూశాడు. ఎటు చూసినా పళ్లికిలించిన మొహాలే. ఇక గత్యంతరం లేక గొణిగాడు. "సరేలప్పా. ఏరు ఎండినాక మా నాయన వచ్చి ఈ బొరియ తవ్వినాడు. ఇప్పుడేమంటావు?"

"అంతకు ముందు?"

"కొండకవతల ఉండేవాళ్లం. ఏరు మొహం ఎవరమూ చూళ్లేదు."

సుంకులమ్మ ఎగిరి గంతేసింది, కానీ వెంటనే రెక్కలు వాల్చేసింది. "గుడ్లు దక్కినాయి సరే. నీళ్లో? చెలమ ఎండిపాయ గదా పిన్నమ్మా."

అప్పుడు ఓబులమ్మ చాకిబండ మీద ముందుకాళ్లు పెట్టింది. తల్లి కొరికిన చెవి ఇన్నేళ్ల తర్వాత కూడా చురుక్కుమంది. "అమ్మా, తప్పుగా అనుకోవద్దు. నువ్వు దాటొద్దన్న చోటికే నీళ్ల కోసం పోతాండా" అని మనసులోనే అనుకుని, బండ దాటి పల్లంలోకి దిగింది. ఆమె జన్మలో అదే మొదటిసారి.

నేరుగా నక్క బొరియ దగ్గరికి వెళ్లి మూతి లోపల పెట్టి వాసన చూసింది. "తిమ్మప్పా, నీ మూతికి పని పడింది. ఇక్కడ తవ్వు."

"నా ఇల్లు!" పుల్లన్న అడ్డం పడ్డాడు. "ఇది నా ఇల్లమ్మా! ఎండాకాలం కూడా ఎంత చల్లగా ఉంటుందో తెలుసా? పడుకుంటే పొట్టకు తడి తగిలినంత చల్లన!"

ఆ మాట అనేశాక గానీ తను ఏమన్నాడో వాడికి తెలియలేదు. తెలిసి, వెనక్కి తిరిగి, తన బొరియనే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. ఇన్నాళ్లూ నీళ్ల మీద పడుకుని లేచి, నీళ్లకు పన్ను అడగడానికి అరమైలు నడిచి వచ్చిన ఘనుడు.

తిమ్మప్ప మూతితో ఎత్తిపోశాడు, ఓబులమ్మ కాళ్లతో తన్నింది. బొరియ చూరు కూలింది. నల్లటి బురద వచ్చింది. ఆ బురదలోంచి బుడగలు వచ్చాయి. కాసేపటికి చల్లటి నీళ్లు ఊరి, ఊరి, ఓబులమ్మ మోకాళ్ల దాకా వచ్చి నిలిచాయి. సుంకులమ్మ ముందు తాగింది, తాగి గూటికి ఎగిరిపోయింది. తర్వాత కుందేళ్లు, తర్వాత తిమ్మప్ప, తర్వాత ఈరన్న. చివరికి ఓబులమ్మ తాగింది. ఈసారి అడుగున బురద కాదు, కడుపు నిండా నీళ్లు. కళ్లు మూసుకుని తాగింది.

అందరి దాహం తీరాక, గట్టు మీద నాలుక వేలాడేసుకుని కూర్చున్న పుల్లన్న నీరసంగా అడిగాడు. "మరి నాకు?"

"తరిమెయ్!" అన్నాడు తిమ్మప్ప.

ఈరన్న నెమరు పూర్తి చేసి తీర్పు చెప్పాడు. "ఏటి నీళ్లు ఎవరికీ కాదనేవి కావు. పుల్లన్న తాగొచ్చు. కాకపోతే ఒక షరతు. ఎనిమిది దినాలు వీడు మనకు ఏటి కథ చెప్పినాడు. ఇప్పుడు ఓబులమ్మ చెప్తుంది. మధ్యలో నోరు తెరవకుండా చివరిదాకా వినల్ల. విన్నాక తాగల్ల."

"అంతేనా!" అని పుల్లన్న చంకలు గుద్దుకుంటూ కూర్చున్నాడు.

ఓబులమ్మ గొంతు సవరించుకుంది. తనకు అంత కథ వచ్చని ఆమెకే తెలియదు. మొదలుపెట్టాక అమ్మ నోట, అవ్వ నోట విన్నవన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. "రేవుకు పదకొండు మెట్లు. ఇప్పుడు ఇసుక కింద ఉండాయి. నీళ్లు ఏడో మెట్టు దగ్గరుంటే మూటలు దింపేదానికి సులువు. తెల్లబట్టలు ఎగువన, రంగుబట్టలు దిగువన. పుట్టి నడిపే గిడ్డయ్య అవతలి గట్టు నుంచి కేకేస్తే, మా అవ్వ ఇవతల నుంచి ఓండ్ర పెట్టేది. ఇద్దరికీ పడేది కాదు. ఒకసారి ఆ పుట్టిలో—"

"ఆ పుట్టిలో మా తాత—" అన్నాడు పుల్లన్న, అలవాటు ప్రకారం.

ఈరన్న కొమ్ము ఎత్తాడు. "మొదటి నుంచి."

ఓబులమ్మ మళ్లీ పదకొండు మెట్ల దగ్గర మొదలుపెట్టింది. ఈసారి పుట్టి దాటింది, వరదలో కొట్టుకొచ్చిన గుమ్మడికాయల దగ్గరికి వచ్చింది. ఊరంతా వారం రోజులు గుమ్మడికాయ కూర తిన్నదట.

"ఆ గుమ్మడికాయలు పంపింది మా—"

"మొదటి నుంచి."

ఎండ నడినెత్తికి వచ్చింది. పక్కనే నీళ్లు తళతళమంటున్నాయి. పుల్లన్న ముందుకాళ్లతో మూతి గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. మూడోసారి ఓబులమ్మ కథ చివరి దాకా వచ్చింది.

"ఏరు ఒక్కదినంలో పోలేదు. పైన యాడనో అడ్డం కట్టినారు. వాళ్లకూ పైర్లుండాయి గదా, తప్పనలేం. తర్వాత గట్టు మీద బోర్లు వేసినారు. నీళ్లు ఏడో మెట్టు నుంచి తొమ్మిదికి దిగినాయి, పదకొండుకు దిగినాయి. తర్వాత లారీలు ఇసుకకు వచ్చినాయి. ఏటిని చంపుదామని ఎవరూ రాలేదు. అందరూ కొంచెం కొంచెం తీసుకుపోయినారు, అంతే. ఆఖరు సంవత్సరం ఈ మడుగు ఒక్కటే మిగిలింటే, మా అమ్మ రోజూ వచ్చి బండ మీద నిలబడి చూసేదంట."

తిమ్మప్ప ముక్కు ఎగబీల్చాడు. ఏరు పోయిందని వాళ్లు బాధపడటం అదే మొదటిసారి. ఉండేదని నిజంగా తెలిస్తేనే కదా, పోయిందని బాధ కలిగేది.

"అయిపోయిందా?" అన్నాడు పుల్లన్న పీలగొంతుతో.

"అయిపోయింది. తాగు" అంది ఓబులమ్మ.

వాడు తాగిన తాగుడుకు చెలమ రెండు వేళ్లు దిగింది. కథలు చెప్పడం కంటే వినడం ఎంత కష్టమో ఆరోజే వాడికి తెలిసొచ్చింది.

సుంకులమ్మ గుడ్లు పదకొండూ పిల్లలయ్యాయి. పుల్లన్న గట్టు పైన ఎండ పడే చోట కొత్త బొరియ తవ్వుకున్నాడు. దారిన పోయే జంతువులు ఎవరైనా ఆగి, "ఈ ఏరు ఎవరిదన్నా?" అని అడిగితే, వాడి మొహం ఒక్క క్షణం వెలిగిపోతుంది, ఛాతీ ఉబ్బుతుంది, నోరు సగం తెరుచుకుంటుంది. అంతలో ఈరన్న వైపు చూసి మింగేసి, "ఓబులమ్మను అడగండి. తీరిగ్గా కూర్చుని అడగండి, మధ్యలో మాత్రం మాట్లాడొద్దు" అంటాడు.

నీతి: మన ఏటి కథ మనం చెప్పుకోకపోతే, అది చెప్పినవాడే వచ్చి మన ఏటికి దొరగా కూర్చుంటాడు.